వీణ డబ్బుతో కరెంటు గిటారు

మా ఇంట ఒక వీణ ఉన్నది. మా అమ్మగారిది, పెళ్లినాడు పుట్టింటివారు ఇచ్చిన తంజావూరు పనస వీణ. దాని మేళం సడలి మూడు సంవత్సరాలైనది. మైనం మీద మెట్లు కదిలిపోయి, ఏ మెట్టు మీద ఏ స్వరం పలుకుతుందో వీణకే తెలియని స్థితికి వచ్చినది. మళ్లీ మేళం కట్టించడానికని మా అమ్మ తన పెన్షనులోంచి నెలనెలా కొంత తీసి 8,000 రూపాయలు పోగు చేసింది. ఆ డబ్బు పోయిన సంవత్సరం కరెంటు గిటారుకు ఖర్చయిపోయినదంటే మన సంఘంలోని పెద్దలు మమ్మల్ని ఏమనుకుంటారో ఊహించగలము.

అయినా చెప్పదలచుకున్నాము. ఎందుకంటే మొన్న సంఘం వారి ఉగాది కార్యక్రమంలో మా అమ్మాయి వాయించగా విన్న తల్లిదండ్రులు నలుగురైదుగురు మమ్మల్ని పక్కకు పిలిచి, "ఎంత అయింది? ఎక్కడ కొన్నారు? మావాడు కూడా ఇంట్లో ఒకటే పోరు" అని అడిగారు. పులిహోర పొట్లం చేతిలో పట్టుకుని నిలబడి చెప్పే సంగతి కాదు గనుక ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట మేము చేసిన తప్పు చెప్పాలి. రెండేళ్ల క్రితం, మా రెండో అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా, కరెంటు గిటారు కావాలని అడిగింది. మేము దుకాణానికి పోయి చూడలేదు. తెలిసినవారిని అడగలేదు. గిటారు, చిన్న యాంప్లిఫయరు, సంచి, భుజం పట్టీ, కేబులు, మీటే బిళ్లలు, అన్నీ ఒకే పెట్టెలో 6,500 రూపాయలకు వస్తున్నవంటే, సెల్లుఫోనులోనే డబ్బు కట్టి తెప్పించాము. పెట్టె వచ్చిననాడు ఇంట్లో పెళ్లిసారె దిగినంత సందడి. ఎర్రగా, అద్దంలా మెరిసిపోతున్నది గిటారు. పక్కింటివారు కూడా వచ్చి చూసి వెళ్లారు.

రెండు నెలలు అమ్మాయి దానితో కుస్తీ పట్టింది. వేళ్ల కొసలు బొబ్బలెక్కాయి. బొబ్బలు అందరికీ వచ్చేవే, తరువాత కాయ కాస్తాయి అని ఎవరో చెబితే మేమూ అదే చెప్పాము. ఎంత నొక్కినా సరైన ధ్వని రాదు. వచ్చినా శ్రుతిలో ఉండదు. మూడో నెల గిటారు సంచిలోకి, సంచి అటక మీదికి పోయినవి. అప్పుడు మేము ఊరుకున్నామా? "నీకు దేనిలోనూ నిలకడ లేదు. హిందీ మానేశావు, నాట్యం మానేశావు, ఇప్పుడు ఇదీ మానేశావు. 6,500 అంటే ఎన్ని రోజుల జీతమో తెలుసా?" అని వాయించాము. ఒకనాడు కాదు, పదిసార్లయినా అని ఉంటాము. అమ్మాయి ఏమీ బదులు చెప్పలేదు.

మేముండేది మద్రాసు పెరంబూరులో. రైల్వే కార్ఖానాల చుట్టూ పెరిగిన పేట. ఇక్కడ తెలుగు కుటుంబాలకు ఎంత వేరు ఉన్నదో ఆంగ్లో ఇండియను కుటుంబాలకూ అంతే ఉన్నది. వారి ఇళ్లలో గిటారు అంటే మన ఇళ్లలో హార్మనీ పెట్టె వంటిది. మాకు రెండు వీధుల అవతల అటువంటి పెద్దాయన ఒకరున్నారు. రైల్వేలో పనిచేసి రిటైరైనవారు. వయసులో ఉండగా క్రిస్మసు డాన్సులకు బ్యాండులో గిటారు వాయించేవారట. ఏటా పెన్షను కాగితాలు నింపడానికి మా దగ్గరకు వస్తారు. గుమాస్తా పని మాకు చేతనయిన ఒకే విద్య గదా! అలా వచ్చిననాడు అటక మీది సంచి ఆయన కంటబడింది.

దించమన్నారు. దించాము. శ్రుతి చేసి, ఒకసారి వేళ్లు పెట్టి నొక్కి, వెంటనే తీసేశారు. "స్కేలు ఉందా?" అన్నారు. అమ్మాయి జామెట్రీ పెట్టెలోని స్కేలు తెచ్చి ఇచ్చాము. పన్నెండో మెట్టు దగ్గర నిలబెట్టి, తీగ అడుగుకు మెట్టు నెత్తికి మధ్య ఎంత ఖాళీ ఉన్నదో చూపించారు. నాలుగున్నర మిల్లీమీటర్లు. "ఇక్కడ రెండు, లేదా అంతకు కొంచెం తక్కువ ఉండాలి. పాప దీని మీద రెండు నెలలు వాయించిందా? నేనైతే రెండు రోజులు కూడా వాయించలేను" అన్నారు ఆయన తమిళంలో.

అమ్మాయి లేచి లోపలికి వెళ్లిపోయింది.

తీగ అంత ఎత్తున ఉంటే నొక్కడానికి బలం కావాలి. అది ఒక బాధ. రెండోది మాకు అప్పటిదాకా తెలియనిది. ఎత్తు మీదినుంచి నొక్కినప్పుడు తీగ సాగి బిగుసుకుంటుంది గనుక స్వరం ఉండవలసినదానికంటె పైకి పోతుంది. అంటే అమ్మాయి వేలు సరైన చోటే పెట్టినా అపశ్రుతే పలుకుతుంది. నేర్చుకునే పిల్లకు ఆ తప్పు వాయిద్యానిదని ఎలా తెలుస్తుంది? తనదే అనుకుంటుంది. పెద్దవాళ్లమూ అదే అన్నాము.

పెద్దాయన ఆ గిటారును బాగుచేయాలని చూశారు. బ్రిడ్జి మరలు తిప్పి తీగలు దించితే మెట్లకు తగిలి జరజర శబ్దం. మెట్లు ఎగుడుదిగుడుగా కొట్టి ఉన్నవి. దండి లోపల వంపును సరిచేసే ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది; అది కదలనే లేదు. మెట్లు సాపు చేయించడానికయ్యే ఖర్చు ఆ గిటారు విలువకు మించిపోతుందని తేల్చారు.

ఆ రాత్రి మాకు అన్నం సయించలేదు. అమ్మాయితో ఏమి చెప్పాలో తోచలేదు. మర్నాడు ఆఫీసుకు బయలుదేరేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, "తప్పు మాది" అని మాత్రం అన్నాము. "సరే నాన్నా" అన్నది.

మరొకటి కొనాలి. కాని డబ్బెక్కడిది? చీటీ పాడితే చేతికి మిగిలేది 7,000. పెద్దాయన చెప్పిన లెక్క 15,000. అంతకు తక్కువయితే మళ్లీ మొదటి కథే అన్నారు. ఈ మాటలన్నీ మా అమ్మ వింటున్నది. ఆమెకు మొదటినుంచీ ఈ వాయిద్యం గిట్టదు. "కరెంటు పెట్టి వాయించేది సంగీతమా?" అనేది. మా ఆవిడ నెమ్మదిగా, "మరి మాండొలిన్ శ్రీనివాస్ వాయించినది ఏమిటత్తయ్యా?" అన్నది. పాలకొల్లులో 1969లో పుట్టి, పసితనంలోనే మద్రాసు సభలను ఊపివేసిన ఉప్పలపు శ్రీనివాస్ చేతిలోది కరెంటు మాండొలిన్ అన్న సంగతి మా అమ్మకు తెలియనిది కాదు. ఆ గమకాలు అలా సాగి నిలిచేవంటే యాంప్లిఫయరు చలవే. 2014లో ఆయన పోయినప్పుడు మా అమ్మ ఆ రోజంతా టీవీ ముందునుంచి లేవలేదు. కోడలి మాటకు జవాబు చెప్పలేదు గాని, మర్నాడు వీణ డబ్బు తెచ్చి మనవరాలి చేతిలో పెట్టింది. "వీణ ఎక్కడికీ పోదు. నీ వయసు పోతుంది" అన్నది. అంతే.

కొనడానికి బయలుదేరే ముందు పెద్దాయన మాకు కొంత పాఠం చెప్పారు. కరెంటు గిటారు అన్న పేరు విని భయపడేవారు మనలో చాలామంది ఉన్నారు గనుక అది కూడా వ్రాస్తాము. మామూలు రకం కరెంటు గిటారుకు గోడలోని కరెంటుతో నేరుగా సంబంధం లేదు; ప్లగ్గు పెట్టేది యాంప్లిఫయరుకు. గిటారు తీగలు ఉక్కువి. వాటి క్రింద అయస్కాంతాలు, చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు. దీనిని పికప్పు అంటారు. ఉక్కు తీగ కంపించినప్పుడు ఆ రాగి చుట్టలో రవ్వంత కరెంటు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే, మన పిల్లలు బడిలో చదివేదే. ఆ రవ్వంతను పెద్దది చేసి స్పీకరుకు పంపడం యాంప్లిఫయరు పని. నైలాను తీగలు వేస్తే పికప్పు మూగదైపోతుంది.

1930ల మొదట్లో అమెరికాలో జార్జి బీచమ్ అనే సంగీతకారుడు, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనే పనిముట్లు చేసే ఆయన కలిసి ఇటువంటి గిటారు చేస్తే, అది అచ్చం వేపుడు పెనంలా ఉన్నదని దానికి ఆ పేరే పెట్టారు జనం. తరువాత కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసుకునే లియో ఫెండర్ 1950లో బల్లచెక్క వంటి గిటారును అమ్మకానికి తెచ్చారు. మర్నాటి సంవత్సరం దానికి టెలికాస్టర్ అని పేరు వచ్చినది. 1954లో స్ట్రాటోకాస్టర్. విచిత్రమేమంటే ఫెండర్‌కు గిటారు వాయించడం రాదు! ఆయన చూసినది చేయడంలో సులువు, బాగుచేయడంలో సులువు. దండిని నాలుగు మరలతో కాయానికి బిగించారు. చెడితే విప్పి మరొకటి వేసుకోవచ్చు. కరెంటు గిటారులో చవక అనేది తరువాత వచ్చిన లోపం కాదు, ఆదిలోనే ఉన్నదని మాకు ఇది విన్నప్పుడు తోచింది. ఇప్పుడు ఇండొనీషియాలో, చైనాలో కంప్యూటరు యంత్రాలు చెక్కను కోస్తున్నవి. ఫెండర్ వారు 1982 నుంచి స్క్వయర్ అనే పేరుతో తక్కువ ధర గిటార్లు తెచ్చారు; యమహా వారిది పసిఫికా, ఇబానెజ్ వారిది జియో, కోర్ట్ వారివి కొన్ని. ఈ రకాలలో కొత్తవి మా 15,000లో యాంప్లిఫయరుతో సహా ఇమిడేవి కావు. వాడినవి అయితే ఇముడుతాయి. కనుక వాడిన గిటారే కొనాలని నిశ్చయమైనది.

మౌంటు రోడ్డులో 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్‌కు మాత్రం ముందు ఒక శనివారం వెళ్లి వచ్చాము. కొనడానికి కాదు, మంచి గిటారు చేతిలో ఎలా ఉంటుందో అమ్మాయికి తెలియడానికి. మంచిది ఒకటి పట్టుకు చూస్తేగాని చెడ్డది చేతికి తెలియదు. చీరెల దుకాణంలో మన ఆడవాళ్లు చేసేది ఇదే గదా.

తరువాత మూడు ఆదివారాలు మూడు ఇళ్లకు తిరిగాము. మొదటిది అణ్ణా నగరులో. కాలేజీ కుర్రవాడు, ధర 7,500. కొత్త పెళ్లికొడుకులా ఉన్నది గిటారు. పెద్దాయన దానిని భుజానికి ఆనించి, వడ్రంగి చెక్క వంకర చూసినట్లు దండి వెంట ఒక కన్ను మూసి చూశారు. అమ్మాయినీ చూడమన్నారు. తరువాత మేమూ చూశాము. నిలువుగా వంగితే లోపలి కడ్డీ తిప్పి సరిచేయవచ్చునట. ఇది మెలి తిరిగి ఉన్నది. మెలికకు సులభమైన మందు లేదు. ఆ పిల్లవాడికి ఆ సంగతి తెలియదు పాపం, కాఫీ ఇచ్చి పంపాడు.

రెండోది పోరూరులో. దండి తిన్నగా ఉన్నది. అక్కడ పెద్దాయన చేసిన పరీక్ష మాకు అన్నిటికంటె నచ్చింది. పన్నెండో మెట్టు అనేది తీగకు సరిగా నడిమధ్య. అక్కడ తీగను నొక్కకుండా వేలు ఆనించి మీటితే తుమ్మెద నాదం వంటి సన్నని పై షడ్జం పలుకుతుంది. తరువాత అదే మెట్టు మీద నొక్కి మీటాలి. రెండూ ఒక్కటే కావాలి. సెల్లుఫోనులో శ్రుతి చూపే పరికరం ఉచితంగా దొరుకుతుంది. దాని ముల్లు చూస్తే చాలు, సంగీతం రాని మా వంటివారికి కూడా తెలిసిపోతుంది. పోరూరు గిటారులో రెండు తీగలకు ముల్లు పైకి పోయినది. బ్రిడ్జి మీది మరను వెనక్కి తిప్పి సరిచేయబోతే అది అప్పటికే చివరకు వచ్చి ఉన్నది. పైగా మొదటి మూడు మెట్లలో తీగలు గాళ్లు పెట్టినవి. వద్దనుకున్నాము.

మూడోది ఆదంబాక్కంలో. విదేశానికి ఉద్యోగం మీద పోతూ ఇల్లు ఖాళీ చేస్తున్న యువకుడు. నల్లని యమహా పసిఫికా. వీపున గీతలు, ఒక మూల పెచ్చు ఊడి చెక్క కనబడుతున్నది. మేము మొహం చిట్లించాము గాని పెద్దాయన మాత్రం ఆ మచ్చలు చూసి మురిసిపోయారు. "మచ్చ ధరను తగ్గిస్తుంది గాని ధ్వనిని తగ్గించదు" అని మా చెవిలో అన్నారు. దండి చూశారు, పన్నెండో మెట్టు చూశారు. తరువాత అమ్మాయిని కూర్చోబెట్టి ఆరు తీగల మీద ఇరవైరెండు మెట్లూ వరుసగా ఒక్కొక్కటి మీటించారు. నూటముప్పైరెండు చోట్లు. ఎక్కడైనా జరజరమన్నా, మూగపోయినా కాగితం మీద గుర్తు పెట్టమని మాకు అప్పగించారు. ఇరవై నిమిషాలు పట్టినది. ఆ యువకుడి ఓర్పును మెచ్చుకోవాలి. గుర్తులు రెండే పడ్డాయి. బిరడాలు తిప్పి, తీగను గట్టిగా లాగి వదిలి, శ్రుతి జారుతుందేమో చూశారు. కేబులు గుచ్చి కదిపి చూశారు. గుండీలు తిప్పితే బరబర శబ్దం వచ్చినది. అది లోపలి దుమ్ము, మందు కొడితే పోతుంది. బేరానికి మాత్రం పనికివస్తుంది. చెప్పిన ధర 11,000, 9,000కు ఇచ్చాడు. అసలు బిల్లు అడిగి తీసుకున్నాము; గిటారు మీది నెంబరు, బిల్లులోని నెంబరు ఒకటేనా అని చూసుకున్నాము. వాడిన వస్తువు కొనేవారు ఇది మరచిపోకూడదు. దొంగసొత్తు మన ఇంటికి రావడం కంటె గిటారు లేకపోవడం మేలు.

ఇంటికి వచ్చాక అసలు పని. పాత తీగలు తీసి కొత్తవి వేశారు. నేర్చుకునేవారికి సన్నవి మంచివట. అల్లెన్ కీ అనే వంకర మేకుతో దండిలోని కడ్డీని పావు చుట్టు తిప్పి, "చెక్క అలవాటు పడాలి" అని మర్నాటిదాకా ముట్టవద్దన్నారు. మర్నాడు ఒక్కొక్క తీగ ఎత్తు సరిచేసి, స్కేలుతో కొలిచి, పన్నెండో మెట్టు ముల్లు సరిచూసి, మరలన్నీ అమ్మాయి చేతనే తిప్పించారు. మా అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని చివరిదాకా చూసింది. "ఇది మేళం కట్టడమే గదా!" అన్నది. నిజమే. మన మేళగాడు మసి కలిపిన మైనంలో మెట్లు నిలిపి శ్రుతి చూసుకుంటాడు. వీరు మెట్లు కదల్చకుండా తీగలను కదుపుతారు. ఈ పని దుకాణంలో కూడా డబ్బిచ్చి చేయించుకోవచ్చు. కొత్త గిటారు కొన్నవారికి కూడా చాలా సార్లు అవసరమే. మనవాళ్లు గిటారుకు వేలు పోసి ఈ కొద్ది వందల దగ్గర వెనకాడుతారు.

పెద్దాయన డబ్బు పుచ్చుకోలేదు. మా అమ్మ చేసిన సున్నుండలు మాత్రం డబ్బాతో పుచ్చుకున్నారు.

ఇక యాంప్లిఫయరు. ఇక్కడ మాకు ఒక ఆశ పుట్టినది. న్యూజెర్సీలో ఉన్న మా అన్నగారి అబ్బాయి తన పాతది ఉచితంగా తెచ్చి ఇస్తానన్నాడు. దాని వెనుక అతికించిన చీటీ ఫొటో తీసి పంపమన్నారు పెద్దాయన. 120 వోల్టులు అని ఉన్నది. మన గోడలో ఉన్నది 230. పెడితే ఆ క్షణమే కాలి ఊరుకుంటుంది. మధ్యలో కరెంటు తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కొనాలి. దాని ఖర్చు, విమానంలో బరువు చూసుకుంటే ఉచితం కాస్తా ఉచితం కాకుండా పోయినది. అమెరికా బంధువులున్న ఇళ్లు మనలో చాలా ఉన్నవి గనుక ఈ మాట గుర్తుంచుకోవలసినది. అతనిని తీగల సెట్లు రెండు తెమ్మన్నాము. అవి జేబులో పడతాయి.

ఇక్కడే 3,000కు పది వాట్ల యాంప్లిఫయరు, వాడినది, దొరికినది. మా ఆఫీసులో ఒకాయన పదికి ఏమి వినపడుతుంది, వంద వాట్లది కొనండన్నాడు. వాట్లు పదింతలైతే చెవికి వినపడే బిగ్గర సుమారు రెండింతలే అవుతుందని మాకు పెద్దాయన చెప్పారు. పది వాట్లకే మా కిటికీ రెక్కలు గణగణలాడుతున్నవి. రాత్రిపూట చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుంటుంది. యాంప్లిఫయరుకు హెడ్‌ఫోను రంధ్రం ఉన్నదా అని చూసి కొనండి. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో ఇరుగుపొరుగుతో మాట పడకుండా ఉండాలంటే అది వాట్లకంటె ముఖ్యం. రకరకాల ధ్వనులు పుట్టించే పెడళ్లు అని కొన్ని ఉన్నవి. అమ్మాయి అడిగింది. ఏడాది తరువాత చూద్దామన్నాము.

మొదటి రాత్రి యాంప్లిఫయరు పెట్టగానే జుయ్‌మని ఒకటే రొద. మోసపోయామనుకున్నాము. అమ్మాయి చెయ్యి తీగల మీద పెడితే రొద తగ్గుతుంది, తీస్తే మొదలు. మర్నాడు పెద్దాయన వచ్చి గిటారును చూడలేదు, గోడను చూశారు. మా ప్లగ్గుకు మూడో రంధ్రం ఉన్నది గాని దాని వెనుక తీగ లేదు! మా తాతగారి నాటి ఇల్లు. ఎర్తు ఆ గదికి రానే లేదు. ఇన్నేళ్లుగా ఇస్త్రీ పెట్టె కూడా అక్కడే పెడుతున్నాము. ఇది రొద సంగతి మాత్రమే కాదు. గిటారు తీగలు కేబులు ద్వారా యాంప్లిఫయరు ఒంటికి కలిసి ఉంటాయి. యాంప్లిఫయరులో లోపం పుట్టి, ఎర్తు లేకపోతే, గోడ కరెంటు తీగల మీదికి, అక్కడినుంచి వాయించేవారి చేతిలోకి రావచ్చు. 1972లో వేల్సులోని స్వాన్సీ ఊరిలో లెస్ హార్వీ అనే గిటారిస్టు వేదిక మీద ఎర్తు లేని మైకును తాకి ప్రాణం పోగొట్టుకున్నాడు. గిటారు కొనేవారు ఎవరైనా ముందు ఎలక్ట్రీషియనును పిలిచి ప్లగ్గు చూపించండి. మాకు 600 అయినది. రొద చాలావరకు పోయినది. మిగిలిన కొద్దిపాటిది పాత ట్యూబులైటు వలన. అది ఆర్పేస్తే అదీ లేదు. పికప్పులలో రెండు చుట్టలు ఎదురెదురుగా చుట్టినది ఒక రకం ఉన్నది, హంబకర్ అంటారు. బయటి రొద ఒక చుట్టలో పుట్టినది రెండోదానిలో కొట్టుకుపోతుంది. మా గిటారులో ఒకటి అటువంటిదే. స్విచ్చి అటు వేస్తే నిశ్శబ్దం.

మద్రాసు గాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడిచి, సంచిలో తేమ పీల్చే పొట్లాలు రెండు వేస్తున్నాము. ఎండకు ఆనుకున్న గోడకు తగిలించడం లేదు.

పాత ఎర్ర గిటారు సంగతి చెప్పలేదు. అది అమ్మితే ఎంతో కొంత కలిసివస్తుందని ప్రకటన ఇచ్చాము. వ్యాసర్పాడి నుంచి ఒక తండ్రి, పన్నెండేళ్ల కొడుకు వచ్చారు. పిల్లవాడు దానిని ఒళ్లో పెట్టుకుని కదలడం లేదు. 3,000కు ఒప్పుకున్నాడు తండ్రి. డబ్బు తీస్తున్నాడు. అమ్మాయి మా వంక చూసింది. మేము స్కేలు తెచ్చి, పన్నెండో మెట్టు దగ్గర పెట్టి, పెద్దాయన మాకు చెప్పినదంతా ఆయనకు చెప్పాము. ఆయన డబ్బు జేబులో పెట్టుకుని, పిల్లవాడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు. వీధి మలుపు దాకా ఆ పిల్లవాడు వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. తరువాత ఆయన ఫోను చేసి పెద్దాయన ఇల్లు ఎక్కడని అడిగితే చెప్పాము. ఎర్ర గిటారు ఇప్పుడు పెద్దాయన దగ్గరే ఉన్నది. మరలు తిప్పడం నేర్చుకునే పిల్లలకు ఇస్తున్నారు.

లెక్క అడిగినవారికి లెక్క. గిటారు 9,000, యాంప్లిఫయరు 3,000, ఎర్తు 600, తీగలు 550, కేబులు 400, భుజం పట్టీ 250, హెడ్‌ఫోను సరిపడే మొన 80, మీటే బిళ్లలు 60. వెరసి 13,940 రూపాయలు. కేబులులో మరీ చవకది తీసుకోకండి, మొన దగ్గర తెగుతుంది. పెద్దాయనను వెంటపెట్టుకుని తిరిగిన ఆటో ఖర్చు ఇందులో కలపలేదు. మొదట పోగొట్టుకున్న 6,500 కూడా కలపలేదు, కలపాలి నిజానికి.

15,000లో మిగిలిన 1,060 అమ్మాయి మా అమ్మకు తిరిగి ఇచ్చివేసింది. ఇప్పుడు రోజూ సాయంకాలం గంటసేపు వాయిస్తుంది. మేము నిలకడ మాట ఎత్తడం లేదు. మేళం కట్టే ఆయనకు మొన్న కబురు చేస్తే, ఆడి మాసం వెళ్లాక వస్తానన్నాడు. ఆ మిగిలినదానిలోంచి 500 అడ్వాన్సు ఇచ్చాము.